మద్రాసు నుంచి రావాల్సిన మాట

గురజాలలో దూదేకుల నూర్ మొహమ్మద్ ఇంట్లో పని మొదలైతే వీధి చివరిదాకా తెలిసేది. అతను విల్లు తీగ టంగుమని మోగిస్తూ దూది ఏకేవాడు, భార్య జుబేదా పరుపులు కుట్టేది. కుట్టడం అయ్యాక ఆమె పరుపు మీద అరచెయ్యి ఆనించి అంతటా నొక్కి చూసేది. ఎక్కడ దూది ఉండ కట్టినా ఆ చేతికి దొరికిపోయేది.

పందొమ్మిది వందల నలభై రెండులో, చలి తగ్గుతున్న రోజుల్లో, చంటివాడు సుభానీకి పాలిస్తుండగా ఎడమ రొమ్ములో ఆమె చేతికే ఒక గట్టి ఉండ తగిలింది. నొప్పి లేదు. వేలితో కదపబోతే కదల్లేదు.

"పాలగడ్డే," అంది అత్త మస్తాన్‌బీ తేలిగ్గా. "నీ మొగుడు పుట్టినప్పుడు నాకూ లేచింది. ఆముదపాకు వెచ్చజేసి కట్టు, కరిగిద్ది."

కట్టింది. కరగలేదు. చంటివాడు ఆ పక్క పాలు తాగనని మొండికేశాడు. అప్పుడు నూర్ మొహమ్మద్ తల్లి మాట వినకుండా భార్యని మాచర్ల రైలెక్కించి గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు.

ఆడవాళ్ళ వార్డులో డాక్టర్ సుభాషిణి చాలాసేపు గడ్డనీ చంకనీ తడిమి చూసింది. తర్వాత మంచం పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది.

"ఇది పాలగడ్డ కావచ్చు. చీముగడ్డ కావచ్చు. రాచపుండూ, అంటే క్యాన్సరూ, కావచ్చు. చేత్తో పట్టుకుంటే మూడూ ఒకలాగే ఉంటాయి. చిన్న ముక్క తీసి మద్రాసు పంపిస్తాను. అక్కడ దాన్ని పల్చగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తారు. వాళ్ళ మాట వచ్చాకే ఏం చెయ్యాలో తేలుతుంది."

"అందాకా ఇంటికి పోయి వత్తానమ్మగారూ. పసోడున్నాడు."

"పోతే మళ్ళీ రావు. నిన్ను రానివ్వరు."

ఆ మాట నిజమని జుబేదాకీ తెలుసు. ముక్క తీశారు. శనగగింజంత కండ, మందునీళ్ళ సీసాలో అడుగుకి దిగింది. చంటివాణ్ణి మేకపాలకి అలవాటు చెయ్యమని నూర్ మొహమ్మద్‌తో పంపేశారు.

పక్క మంచంలో మాచవరం నుంచి వచ్చిన పుల్లమ్మ ఉండేది. ఆమెదీ రొమ్ములో గడ్డే, ఆమె ముక్కా అంతకుముందే మద్రాసు వెళ్ళింది. ఒక పొద్దున నర్సు వచ్చి ఏదో చెప్పగానే పుల్లమ్మ మంచం మీద లేచి నిలబడినంత పని చేసింది.

"ఉత్త చీముగడ్డేనంట చెల్లే! కోసి పిండేస్తే పోయిద్దంట! నీదీ ఇంతే, చూస్తా ఉండు."

నాలుగు రోజుల్లో ఆమె చాప చుట్టుకుని వెళ్ళిపోయింది. ఆ మంచంలోకి ఎవరూ రాలేదు. జుబేదా గోడ వైపు తిరిగి పడుకోవడం నేర్చుకుంది. వరండా అవతల కాన్పుల వార్డు. అక్కడ ఏ బిడ్డ ఏడ్చినా ఆమెకి కుడివైపు పాలు చేపి రవిక తడిసిపోయేది. పోయి ఆ బిడ్డని ఎత్తుకుందామంటే నర్సులు ఊరుకోరు. ఇంటికి పోదామంటే గడ్డ ఊరుకోదు. కొంగు గట్టిగా అదిమిపెట్టుకుని ఏడుపు ఆగేదాకా కూర్చునేది.

ఇంతలో మద్రాసు మీద జపానువాళ్ళు బాంబులు వేస్తారని, ఊరు ఖాళీ అవుతోందని వార్తలొచ్చాయి. డాక్టరమ్మ తంతి ఇచ్చింది. జవాబు రాలేదు. మళ్ళీ ఇచ్చింది.

చూడటానికి వచ్చిన నూర్ మొహమ్మద్ మొహం పీక్కుపోయి ఉంది. "అమ్మ ఇంటికి తీసుకరమ్మంటంది. నాకు మాత్రం కోసి అవతల పారేయిస్తే పీడా పోయిద్దనిపిస్తంది. నువ్వేమంటావే?"

చంటివాడు మేకపాలు తాగుతున్నాడా అని అడిగింది జుబేదా. అతను వెళ్ళాక డాక్టరమ్మని నిలేసింది. "ఇన్నిసార్లు పట్టుకు చూశారు గదా. మీకు తెలవదా అదేందో?"

"తెలిసినట్టే ఉంది. అది చాలదు, జుబేదా. రాచపుండైతే రొమ్ము, కింది కండ, చంకలో గడ్డలు అన్నీ తీసెయ్యాలి. కాకపోతే ఊరికే నిన్ను చెక్కేసినట్టు. పుల్లమ్మకి అలా చేసి ఉంటే?"

మర్నాడు జుబేదా ఎవరికీ చెప్పకుండా గేటు దాటింది. దారి అడుక్కుంటూ స్టేషనుకి చేరింది. ప్లాట్‌ఫారం నిండా మద్రాసు నుంచి దిగిన సంసారాలు. ట్రంకు పెట్టెలు, పరుపుచుట్టలు, వాటి మీద కూర్చున్న ముసలివాళ్ళు. మాచర్ల బండి సిద్ధంగా ఉంది. ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కి కూర్చుంది. ఎదుట ఒక పెద్దావిడ, మద్రాసు నుంచే వస్తోంది.

"ఆస్పత్రులు కూడా లేపేస్తన్నారా అమ్మా?"

"సగం పై ఊళ్ళకి తరలించారటమ్మా. రోగుల్ని బళ్ళలో ఎక్కించడం నేనే చూశా."

"సీసాలు కూడానా? సీసాల్లో ముక్కలుంటయ్యే, అయ్యి?"

పెద్దావిడకి అర్థం కాలేదు. జాలిగా చూసి తల తిప్పుకుంది. జుబేదాకి ఇల్లు కళ్ళ ముందు కనపడింది. అత్త ఆముదపాకు వెచ్చజేస్తుంది. చుట్టుపక్కలవాళ్ళు వచ్చి తలో మందు చెబుతారు. తను పొద్దున్నే లేచి గడ్డ పెరిగిందా లేదా అని తడుముకుంటూ ఉంటుంది. ఇక్కడైనా అక్కడైనా కూర్చోవాల్సింది ఈ గడ్డతోనే. కూత వేసి బండి కదలబోతుండగా దిగిపోయింది.

ఆసుపత్రికి వచ్చి డాక్టరమ్మ గది ముందు నిలబడింది. "ఇంకో ముక్క కొయ్యండి. మద్రాసు కాకపోతే ఇంకో ఊరు పంపండి."

డాక్టర్ సుభాషిణి ఆమెని కోప్పడలేదు. ఆ సాయంత్రమే రెండో ముక్క తీసి, తెలిసినవాళ్ళ చేతికిచ్చి రాయవేలూరు మిషన్ ఆసుపత్రికి పంపింది. అక్కడి నుంచి జవాబు వచ్చింది. రాచపుండే.

విన్నప్పుడు జుబేదా ఏడవలేదు. "ఎప్పుడు కోత్తారు?" అని మాత్రం అడిగింది.

కోశారు. తెలివొచ్చేసరికి ఛాతీ ఎడమవైపు కట్టు కింద బల్లలా చదునుగా ఉంది, చెయ్యి పైకి లేవడం లేదు. ఇక అయిపోయిందనుకుంది. కానీ చంకలోంచి తీసిన గడ్డలు కూడా రాయవేలూరు వెళ్ళాయని, జబ్బు వాటిలోకి పాకిందో లేదో అక్కడే తేలాలని నర్సు చెప్పింది. మళ్ళీ అదే మంచం, అదే వరండా. ఈసారి జవాబు తొందరగానే వచ్చింది. ఆ గడ్డల్లో రెండింటిలోకి జబ్బు పాకింది.

"దీనికి మద్రాసులో కరెంటు, అదే ఎక్స్‌రే వైద్యం, పెట్టించుకోవాలి," అంది డాక్టరమ్మ. "ఇప్పుడు కుదరదు. ఊరు కుదురుకోగానే పంపుతాను. పంపుతాను, నమ్ము."

ఇంటికి వచ్చేసరికి సుభానీ ఆమెని చూసి నాయనమ్మ చీర వెనక దాక్కున్నాడు. వాడు తిరిగి ఒళ్ళోకి రావడానికి చాలా రోజులు పట్టింది. మస్తాన్‌బీ ఆముదపాకు మాట మళ్ళీ ఎత్తలేదు. కోడలి జడ తనే వేసేది, ఎందుకంటే జుబేదా ఎడమ చెయ్యి భుజం దాటి లేచేది కాదు.

మరుసటి ఏడాది డాక్టరమ్మ మాట నిలబెట్టుకుంది. జుబేదా మద్రాసు వెళ్ళి కరెంటు పెట్టించుకుని, ఛాతీ చర్మమంతా కమిలి తిరిగొచ్చింది. మళ్ళీ పరుపులు కుట్టింది. కానీ రోజూ స్నానం చేసేటప్పుడు పరుపులు నొక్కి చూసే ఆ చెయ్యి మచ్చ మీదికి దానంతటదే పోయేది. దగ్గొస్తే జబ్బు అక్కడికీ పాకిందేమో అనుకునేది. నడుం పట్టేస్తే ఆ పూట అన్నం సయించేది కాదు.

యుద్ధం ముగిసి, స్వరాజ్యం వచ్చిన ఏడు మచ్చ అంచున గింజంత గట్టిది తగిలింది. ఎవరికీ చెప్పకుండా రెండు రోజులు ఉండి, మూడో రోజు మొగుడికి చూపించింది. మళ్ళీ గుంటూరు, మళ్ళీ సీసా. అయితే గుంటూరులో అప్పటికి డాక్టర్లు చదివే కాలేజీ వచ్చింది. ముక్కని ఊళ్ళోనే చూశారు. నూర్ మొహమ్మద్ వరండాలో కూర్చుని తస్బీ పూసలు తిప్పుతుంటే, ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

జబ్బు కాదు. లోపల మిగిలిన కుట్టుదారం చుట్టూ కండ గడ్డకట్టిందట.

నూర్ మొహమ్మద్ చేతుల్లో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. జుబేదా డాక్టరమ్మ వైపు చూసింది. "మళ్ళా ఎప్పుడు రమ్మంటారు?"

"ఆరు నెలలకి."

"ఆరు నెలలు," అని తనలో తనే అనుకుని, చీర మడతలు సర్దుకుంది.

మాచర్ల బండి సత్తెనపల్లి దాటాక మొగుడి భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. జబ్బు పడ్డాక రైల్లో ఆమె కళ్ళు మూతపడటం అదే మొదటిసారి. అతను గురజాల వచ్చేదాకా భుజం కదపకుండా కూర్చున్నాడు.