నీరుగారు దయచేశారు

మేస్త్రికి మర్యాద ఒక జబ్బు. మనుషుల సంగతి అలా ఉంచండి, నీటికి కూడా 'గారు' తగిలించనిదే అతనికి నోరు పెగలదు. "నిన్న నీరుగారు మీ పెరట్లోంచే వెళ్ళారమ్మా" అంటాడు, ఊరి పెద్ద ఎవరో వచ్చి పలకరించి పోయినట్టు.

టీచరమ్మ ఇల్లు చెరువువైపు దిగే వాలు మీద ఉంది. మూడేళ్ళ కిందట పెరటి గోడ కూలి, మట్టంతా దిగువింటి దర్జీ పిన్నిగారి కుట్టుగదిలో పడింది. "వాన చేసిన పనికి నేనేం చెయ్యను?" అంది టీచరమ్మ. ఆ మాటతో రెండిళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి. ఇప్పుడు వంటింటి పక్కన నేల బీటలు వారింది. ఇంకో నెలలో వానలొస్తాయి. ఈసారి జారితే మట్టితోపాటు వంటిల్లు కూడా పిన్నిగారింటికి కాపురానికి పోతుంది.

మేస్త్రి వచ్చాడు. టేపు తియ్యలేదు. బకెట్టు నీళ్ళడిగి వాలు మీద పోశాడు. నడుం వంచి ఆ ధార వెనకే నడిచాడు.

"ఇటు దయచేస్తున్నారా? అలాగే కానివ్వండి."

"మేస్త్రీ, ఎవరితోనయ్యా?"

"నీరుగారితోనమ్మా."

టీచరమ్మ ఉత్సాహం అక్కడికక్కడే నీరుగారిపోయింది.

అన్నం క్యారేజీ తెచ్చిన అతని భార్య నెత్తి కొట్టుకుంది. "పెళ్ళై పాతికేళ్ళు. నాకు మాత్రం 'ఒసేయ్' తప్ప ఇంకో పిలుపు లేదు టీచరమ్మా!"

"నువ్వు గోడలు కూల్చవు కదే!" అన్నాడు మేస్త్రి.

రాతిగోడను నిలువుగా లేపలేదు, కాస్త మెరకవైపు వాల్చి కట్టాడు. గోడ వెనక కంకర నింపాడు. అడుగున వరసగా గొట్టాలు పెట్టాడు.

"గోడ కట్టమంటే జల్లెడ చేశావేంటి?"

"గుమ్మం చూపిస్తే నీరుగారు పెద్దమనిషమ్మా. తలుపేస్తే మాత్రం గోడ భుజానేసుకుని పోతారు. కిందటిసారి జరిగిందదేగా!"

పాఠం అర్థమైంది. అర్థం కానిదల్లా ఒక్కటే: రోజూ మధ్యాహ్నం అవగానే మేస్త్రి బకెట్టు, పలుగు తీసుకుని మాయమైపోయేవాడు. అడిగితే, "నీరుగారిని సాగనంపి వస్తానమ్మా" అనేవాడు. 'ముదిరింది పాపం' అనుకుంది టీచరమ్మ.

గోడ పూర్తయిన వారానికే, ఓ మధ్యాహ్నం వాన దంచికొట్టింది. గోడ కదలలేదు. గొట్టాలన్నీ బుద్ధిగా ధార కట్టాయి. టీచరమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకోబోయి చేతులు సగంలో ఆపేసింది. ఈ నీళ్ళన్నీ వెళ్ళేదెక్కడికి? పిన్నిగారి కుట్టుగదిలోకే!

గొడుగేసుకుని పరుగెత్తింది. తిట్లకు సిద్ధపడే వెళ్ళింది. తీరా చూస్తే పిన్నిగారి గోడ పక్కన రాళ్ళు పరిచిన కాలవ, గట్టున కొత్తగా నాటిన గడ్డి దుబ్బులు. నీళ్ళు గదివైపు తొంగైనా చూడకుండా చెరువుకి పోతున్నాయి. కిటికీలోంచి మిషను టకటక వినిపిస్తోంది.

"రా టీచరమ్మా, తడిసిపోతున్నావు!" పిన్నిగారు తలుపు బార్లా తీసింది. "మూడేళ్ళు కోపం పెట్టుకున్నాను, నాదే తప్పు. నువ్వు పంపావనేగా మేస్త్రి రోజూ వచ్చి కాలవ తవ్వాడు!"

టీచరమ్మ గొడుగు ముడిచింది. "పంపాల్సింది... నేనే పిన్నిగారూ" అంది. ఆ సాయంత్రం ఇద్దరూ మూడేళ్ళ కబుర్లు చెప్పుకున్నారు.

మర్నాడు మేస్త్రి దొరికాడు.

"నేను పంపానని అబద్ధం చెప్తావా?"

"రామ రామ! 'ఎవరు పంపారయ్యా' అని ఆవిడ అడిగారు. 'పైవారు పంపారమ్మా' అన్నాను."

"పైవారెవరు?"

మేస్త్రి ఆకాశం వైపు చేతులు జోడించాడు. "ఆయనేనమ్మా. అంత పెద్దాయన్ని 'పైవాడు' అని ఎలా అంటాను? ఆవిడేమో వాలు పైన ఉన్న మీరనుకున్నారు."

"మరి వెంటనే దిద్దలేదేం?"

"తప్పులు దిద్దడం టీచర్ల పనమ్మా, మేస్త్రీలది కాదు."

టీచరమ్మది ముప్ఫయ్యేళ్ళు తప్పులు దిద్దిన చెయ్యి. ఆ ఒక్క తప్పుకు మాత్రం ఎర్ర గీత పెట్టలేదు.