డెమోలో బాగానే ఊపిరి ఆడింది

నర్సింగరావు సార్ ఇక లేరన్న కబురు ఎర్రమంజిల్‌లోని ఆయన ఇంటి నుంచి వచ్చినప్పుడు నాకు ముందు దుఃఖం రాలేదు, ఒళ్లు మండింది. ఆ మంట ఇంకా ఆరలేదు.

అమీర్‌పేటలో పక్కపక్క గదుల్లో ఆయన డేటాబేస్, నేను జావా చెప్పేవాళ్లం. అక్కడ ప్రతి ఇన్‌స్టిట్యూటూ ఉచిత డెమో క్లాసుతోనే పిల్లల్ని పట్టేది. సార్ మాత్రం తన డెమోలోనే అనేవారు: "డెమోల అందరం మంచిగనే చెప్తం. మూడో వారం క్లాసుల వచ్చి కూసోండ్రి, నచ్చితే అప్పుడు చేరుండ్రి." యజమాని పళ్లు కొరికేవాడు. మూడో వారం వచ్చి కూర్చున్న పిల్లలు మాత్రం ఆయన్ని వదిలేవారు కాదు.

ఊపిరితిత్తులు దెబ్బతిన్నాక, ఇంట్లోనే నిమిషానికి నాలుగు లీటర్ల ఆక్సిజన్ పెట్టాలన్నాడు డాక్టరు. మిషను కొనిస్తామని పాత శిష్యులు ముందుకొచ్చారు. వాళ్ల తరఫున కిరణ్ సార్‌నూ నన్నూ పంజాగుట్టలోని ఒక దుకాణానికి తీసుకెళ్లాడు. దుకాణదారు చిన్నపాటి, చప్పుడు లేని మిషనును ఒక్క లీటరు మీద నడిపి, ఆక్సిజన్ శాతం కొలిచే మీటరు పెట్టాడు. అంకె బ్రహ్మాండంగా వచ్చింది.

"నాలుగు మీద పెట్టి అరగంట నడపండి," అన్నాను.

"అయిదు లీటర్లని డబ్బా మీదనే ఉంది గద, యూసుఫ్ సార్! రిమోట్ సుత ఉంది," అని నవ్వాడు కిరణ్.

"సార్ రిమోట్‌తో ఊపిరి తీస్తారా?"

నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. ఆ చూపులు నేను మరిచిపోలేదు. మూడో వారం మాట చెప్పిన మనిషే అడ్డుపడతారని సార్ వైపు తిరిగాను. ఆయన కిరణ్ ముఖం చూస్తున్నారు. "పోనియ్ యూసుఫ్ భాయ్. పోరడు ప్రేమతోని కొంటుండు."

ఇంట్లో నాలుగు మీద పెడితే, ఆక్సిజన్‌కు తేమ పట్టడానికి మిషనుకు తగిలించిన సీసాలో నీళ్లు బుడబుడమన్నాయి. అందరూ ఆ బుడగలు చూసి మురిసిపోయారు. ఉత్త గాలికీ బుడగలు వస్తాయి! సార్ వేలికి పెట్టిన ఆక్సీమీటరులో అంకె దిగుతూనే ఉంది. వేరేచోట నుంచి ఆక్సిజన్ శాతం కొలిచే మీటరు తెచ్చి మిషనుకు పెట్టి చూశాను. నాలుగు మీద ఆ మిషను ఇస్తున్నదాంట్లో సగానికి సగం మామూలు గాలే.

మార్చి ఇమ్మని అడిగితే, "డెమో చూసే గద తీస్కున్నరు," అన్నాడు దుకాణదారు. కిరణ్‌కు ఫోన్ చేస్తే, "మీటింగ్‌ల ఉన్న సార్." బరువైనా సరే, నాలుగు మీద నిలబడే మిషను నేను వెతికి తెచ్చేలోగా సార్ వెళ్లిపోయారు.

సంతాప సభలో ఆయన ఫొటో పక్కన ఆ మిషనును పెట్టారు. దానికీ ఒక పూలదండ! "ఇది మా గురుదక్షిణ," అన్నాడు కిరణ్ మైకులో. లేచి వెళ్లి దండ తీసేశాను.

"ఏంది సార్ గిది?" అన్నాడు కిరణ్.

"నాలుగు మీద పెట్టు," అన్నాను.

ఎవరూ పెట్టలేదు.

ఆ దండను తీసుకెళ్లి సార్ ఫొటోకే వేశాను. అమీర్‌పేట నిండా డెమోలు ఇచ్చేవాళ్లున్నారు. మూడో వారం కూడా అదే శ్రద్ధతో పాఠం చెప్పే మనిషి ఇక లేరు.