నిలబెట్టిన డీజిల్ డ్రమ్ములు

మలయాలోని క్లాంగ్‌లో పంతులమ్మగా చేరిన మూడో వారం, బటాంగ్ బెర్జుంటై దగ్గరి మా రబ్బరు ఎస్టేటు నుంచి కబురొచ్చింది. ఫ్యాక్టరీ ఇంజను ఆగిపోయింది. డీజిల్ ట్యాంకులో నీళ్ళున్నాయి. ఇంజను చూసుకునే మా అయ్య, డీజిల్‌ను అడవిలో దాక్కున్న కమ్యూనిస్టు తిరుగుబాటుదార్లకు చేరవేసి ఆ మేరకు నీళ్ళు కలిపాడని అనుమానం. మర్నాడు సాయంత్రం పోలీసులు వచ్చి తీసుకెళతారట. దొరతో ఇంగ్లీషులో మాట్లాడగలిగింది మా ఇంట్లో నేనొక్కదాన్నే.

ఉదయం ఆరింటి బస్సెక్కాను. కువాలా సెలాంగోర్‌లో మారాలి. రెండు టిక్కెట్లకూ కలిపి డాలరున్నర. మెర్డెకా, అదే స్వాతంత్ర్యం, వస్తుందని బస్సంతా కబుర్లే. నేను దిగే ఎస్టేటు పేరు చెప్పగానే మాత్రం పక్కావిడ మాట ఆపి కిటికీవైపు తిరిగింది. చెక్‌పోస్టులో అందరినీ దించారు. సోదా చేసే ఆమె నా అన్నం పొట్లం ఎత్తి చూసింది.

"ఎవరికి ఇది? అడవికా?"

"నాకే."

"ఇంత బక్కదానివి, ఇంత తింటావా?"

పొట్లం తిరిగి రాలేదు. అడవికి చేరుతుందని ఆ దారిలో అన్నం తీసుకెళ్ళనివ్వరు.

పదింటికి ఎస్టేటు చేరాను. కూలీల ఇళ్ళ దగ్గర పొరుగింటి అప్పలమ్మ పిన్ని నన్ను పక్కకు లాగింది. "అమ్మీ, మీ అయ్య రోజూ పొద్దున్నే ట్యాంకు కాడ్నించి డబ్బాతో ఏటో మోసుకెల్లేవోడే. నానెవులికీ సెప్పనేదు."

నేరుగా మా ఇంటికి నడిచాను. అయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"ఆ డబ్బాలో ఏటి మోసినావు అయ్యా?"

"నువ్వూ అడుగుతన్నావేటి? నీల్లమ్మీ. నీల్లు అడుక్కి దిగిపోతాయి. ట్యాంకు కింద కుళాయి తిప్పి, నూనె కనబడేదాకా పట్టి పారబోసినాను. వారం కిందట కాపలా సార్జంటు ట్యాంకు తాళం లాగేసుకున్నాడు. నీల్లు పెరిగి ఇంజను సచ్చింది."

"ముందే సెప్పొచ్చు గదా?"

"సెప్తే, నువ్వే కలిపినావంటారు."

ఆ నీళ్ళు ఎక్కడివో కూడా ఆయనే చెప్పాడు. ట్యాంకులో పోసే డీజిల్ డ్రమ్ములను మునుపు పడుకోబెట్టేవారు. కాపలా సార్జంటు, గేటు దగ్గర్నుంచే లెక్కపెట్టుకోవచ్చని, అన్నింటినీ నిలబెట్టించాడు. వాన నీళ్ళు డ్రమ్ము పైన మడుగు కడతాయి. ఎండకు కాగిన డ్రమ్ము వానకు చల్లబడుతూ, మూత సందులోంచి ఆ నీళ్ళను పీల్చుకుంటుంది.

దొరను ఒక్కటే అడిగాను: ఎస్టేటుకు వచ్చాక ఎవరూ సీలు విప్పని డ్రమ్ము ఒకటి తెరిపించమని. దాని అడుగునుంచి పంపుతో గాజు సీసాలోకి తోడించాడు. కాసేపటికి సీసా కింద నాలుగు వేళ్ళ ఎత్తున నీళ్ళు తేటగా నిలిచాయి. దొర తెగిన సీలు వంక చూశాడు, తర్వాత సార్జంటు వంక. పోలీసులు రానక్కర్లేదని కబురు పెట్టించాడు. తాళం అయ్య చేతికొచ్చింది.

గేటు దగ్గర సార్జంటు నన్ను ఆపాడు. "టీచరుకు డీజిల్ సంగతులు ఎవరు నేర్పారు?"

"మా అయ్య."

నమ్మలేదు. నా గుర్తింపు కార్డు తీసుకుని నంబరు తన పుస్తకంలో రాసుకున్నాడు.

తిరుగు బస్సులో వాడి మీద, చెక్‌పోస్టు ఆమె మీద, కిటికీవైపు తిరిగిన ఆవిడ మీద కోపం మరిగింది. కానీ గుమ్మంలో నేను అడిగిన ప్రశ్న వాళ్ళదే కదా. ఈ దారిన వెళ్ళేవారు గుర్తింపు కార్డు చేతిలోనే ఉంచుకోండి. అన్నం మాత్రం కట్టుకెళ్ళకండి. ఆ మధ్యాహ్నం అయ్య తనకు కొలిచి ఇచ్చే రేషను అన్నంలో సగం నా పళ్ళెంలో పెట్టాడు, ఒక్క మాటా అడక్కుండా.