ఆడని ఆటకి పాయింట్లు

మా సినిమాలో ఇద్దరు ముసలాళ్ళు క్లబ్బులో కూర్చుని, రేటింగులు పుట్టకముందు కాలంలో చదరంగంలో నంబర్ వన్ ఎవడని కొట్టుకుంటారు. వెనక గోడ మీద ఆ కాలపు మేటి ఆటగాళ్ళ ర్యాంకుల బోర్డు ఉండాలన్నారు డైరెక్టరు. ఆఫీసులో చెస్ వచ్చింది నాకొక్కడికే కాబట్టి పని నా నెత్తిన పడింది. పడిందని ఊరికే అంటున్నాను, ఎగిరి గంతేసి తీసుకున్నాను. లెక్క నిజంగా కడితే టైటిల్స్‌లో ‘చదరంగ పరిశోధన’ అని నా ఒక్కడి పేరుతో ఒక కార్డు వేస్తానన్నారు మరి. పదకొండేళ్ళుగా రైటర్ల గదిలో ఉన్నాను. నా పేరు ఎప్పుడొచ్చినా పది పేర్ల మధ్య చీమంత అక్షరాల్లోనే వచ్చింది.

ఫిల్మ్ నగర్ ఆఫీసులో పై గది నాదైపోయింది. పాత టోర్నమెంట్ల పుస్తకాలు తెచ్చి, ఎవరు ఎవరిని ఓడించారో అంతా లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. గట్టివాణ్ణి ఓడిస్తే ఎక్కువ పాయింట్లు, బక్కవాణ్ణి ఓడిస్తే తక్కువ. ఒక్క టోర్నమెంటు కలిపితే చాలు, కిందున్నవాడు పైకి, పైనున్నవాడు కిందికి. అబ్బ, ఆ మజా చెప్తే తెలిసేది కాదు! మధురానగర్‌లో ఇంటికెళ్ళి అన్నం తింటూ కూడా ర్యాంకులే వల్లిస్తుంటే, మా ఆవిడ నన్ను కంచంతో సహా బాల్కనీలోకి తరిమింది. చివరికి నా చిన్నప్పటి హీరో, ఎవరి ఆటలు చూసి నేను చదరంగం నేర్చుకున్నానో ఆయనే, మొదటి స్థానంలో నిలబడ్డాడు. కళ్ళంట నీళ్ళొచ్చాయి. సిగ్గేముంది.

పెయింటరు బోర్డు రాసేశాడు. రేపు షూటింగనగా మా కంటిన్యుటీ అక్క దాన్ని ఫొటో తీసుకోవడానికొచ్చింది. నిన్నటి షాట్‌లో గుండీ పెట్టుకున్నవాడు ఇవాళ విప్పుకునొస్తే పట్టుకోవడం ఆవిడ ఉద్యోగం. చదరంగంలో గుర్రం ఎటు దూకుతుందో కూడా తెలియదు. అలాంటిది నా టోర్నమెంటు పుస్తకాల్లో ఒకటి తీసి ముందుకీ వెనక్కీ తిప్పి, వేళ్ళ మీద లెక్కపెట్టి, నా హీరో పేరు మీద వేలు పెట్టింది.

"తమ్మీ, పాయింట్ల టేబుల్ల ఈయన ఆటలు ఎక్కువున్నయి, వెనక అచ్చేసినయి తక్కువున్నయి. మిగతాయి యాడ ఆడిండు?"

పుస్తకంలో అన్ని ఆటలూ వేయరక్కా అని కసిరాను. ఇందులో ఆడినవన్నీ వేశామని ముందుమాటలో ఉంటే చూపించింది. ఆటగాడు జబ్బుచేసో అలిగో టోర్నమెంటు మధ్యలో వెళ్ళిపోతే, మిగిలిన ఆటలు అతను ఓడినట్టే రాసేసేవాళ్ళు. ఎదుటివాళ్ళకి కూర్చున్నచోటే పాయింటు. నా హీరోకి ఎక్కువున్న ఆటలు అలా వచ్చినవే. ఈ సంగతి నాకు తెలియక కాదు. నా హీరో గెలుస్తుంటే ఆగి చూడబుద్ధి కాలేదు, అంతే. అదే ఆవిడకి చెప్పాను.

"ఆడని ఆటకు పాయింట్లేంది తమ్మీ?" అంది మామూలుగా.

ఒళ్ళు మండింది. అయినా ఆవిడ పక్కనే కూర్చున్నాను. ఒక్కో పుస్తకంలో ఆడని ఆటలు ఆవిడ ఏరడం, నేను తీసేయడం. తీసేసేకొద్దీ నా హీరో దిగుతున్నాడు, ఎనిమిదో స్థానంలో ఉన్న ఒకాయన ఎక్కుతున్నాడు. అందరికంటే ముందుండగానే మంచాన పడి, ఆడని ఆటలన్నీ ఓడినట్టు రాయించుకున్న మనిషి ఆయన. ఆఖరి పుస్తకం అయ్యేసరికి మొదటి స్థానం ఆయనది. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. నా హీరో మూడో స్థానానికి పడిపోయాడన్న బాధ ఎటు పోయిందో పోయింది. అక్కకి అదెంత గొప్ప సంగతో చెప్పబోతే మాట తడబడింది.

వెళ్ళి డైరెక్టరుకి చెప్పాను. ఆ బోర్డు ఎవడు చదువుతాడు, ఉండనీ అన్నారాయన. నా కార్డు నాకు ఎలాగూ వస్తుందన్నారు కూడా. ఒక్క క్షణం ఆశ పుట్టింది, అబద్ధమెందుకు.

"కార్డు తీసేయండి సార్. బోర్డు మాత్రం మార్చండి."

ఆయన నన్ను ఎగాదిగా చూసి పెయింటర్ని పిలిచారు. కార్డు మాత్రం తీసేయలేదు. మర్నాడు రంగు ఆరీ ఆరకముందే షాట్ తీశాం.

టైటిల్స్ రాసుకునే రోజు మేనేజరు కార్డు మీద నా పేరు సరిచూడమన్నాడు. అక్క పేరు కూడా రాయమన్నాను. తనకు గుర్రం దూకుడే తెలియదని అక్క వద్దంటోంది. ఎవరి పేరు ముందని అడిగాడు మేనేజరు.

ర్యాంకు ప్రకారం వేయమన్నాను. ఆవిడది పైన, నాది కింద.