మిస్త్రీకి ఇచ్చిన నూలు

మా గోడ పక్కింటి మిస్త్రీ పోయారు. మొన్న గురువారం పొద్దున వాడలో మగ్గాలు అప్పుడే మొదలయ్యాయి. ఆయన భార్య మా గడపలో నిలబడి, "అక్కా, ఆయన లేస్తలేడు, జర వస్తవా" అంది. చేతిలోని నూలు కండె కింద పెట్టి వెళ్లాను. పిలిచి చూడవలసిన అవసరం కూడా లేకపోయింది.

మా ఊరి కుంఠా నాకా చుట్టుపక్కల ఉండే మన తెలుగు నేతవాళ్లు ఆయనను రెండు సంగతులతో గుర్తుపెట్టుకున్నారు. ఎడమ కన్ను పోయిన మనిషి అని ఒకటి. తన బేపర్వాతో, అంటే నిర్లక్ష్యంతో, మంచు కార్ఖానా ఆగిపోయేటట్టు చేసిన మనిషి అని రెండోది. మొదటిది నిజం. రెండోది నిజం కాదు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయనదీ మా ఇంటివారిదీ ఒకే తాలూకా. అందువల్ల నన్ను వదినె అనేవారు. పెళ్లయ్యే వరకు తండ్రి పక్కన మగ్గం గుంటలో కూర్చుని నేసిన మనిషే. ఆ తరువాత హోట్గి రోడ్డు వైపున్న మంచు కార్ఖానాలో యంత్రానికి నూనె పోసే పనికి వెళ్లారు. తండ్రి ఊరుకోలేదు. "నేసేటోనికి బరఫ్‌తోని ఏం పనిరా? చీర నేసి కరగబెడతవా?" అని వాడంతా వినేటట్టు అరిచాడు. కొన్నేళ్లకు కొడుకు అక్కడే యంత్రం చూసుకునే మిస్త్రీ అయ్యాక, ఆ తండ్రే సోడా బండి దగ్గర నిలబడి "ఇది మావోడు చేసిన బరఫ్" అని చెప్పుకున్నాడు.

ఒక ఎండాకాలం మిస్త్రీ మా వాడ ఆడవాళ్లను కార్ఖానా చూడటానికి తీసుకెళ్లారు. లోపల ఒక గొట్టం చుట్టూ తెల్లటి మంచు పొడి పేరుకుని ఉంది. దానికి మూరెడు దూరంలోని గొట్టం చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. ఒకే యంత్రానికి ఈ రెండూ ఎలా సాధ్యమని అడిగాను.

"చల్లదనం ఎవ్వరు తయారుచెయ్యరు వదినె. ఈడి వేడిని ఎత్తుకపోయి ఆడ పారేసుడే. అమ్మోనియా హమాలి, అంతే."

"మరి ఆ హమాలి అలిసిపోడా?"

"అలుస్తడు. అందుకే మిషన్ వాన్ని పిసికి బయటికి తోలుతది. బయట మీదికెల్లి నీళ్లు పడంగనే మూట దించి, మళ్ల లోపలికొస్తడు. నువ్వు కోడల్ని పనికి తోలినట్టే."

అందరూ నవ్వారు. మా కోడలు అందరికన్నా ఎక్కువసేపు నవ్వింది.

ఉప్పునీళ్ల తొట్టిలో ముంచిన డబ్బాలలో నీళ్లు అంచుల నుంచి నడిమికి గడ్డకట్టడం, వెనక చల్లగదిలో వెన్న డబ్బాలు, దవాఖానాకు వెళ్లే పాలు వరుసగా పేర్చి ఉండటం ఆ రోజు చూశాం. పనిలో ఆయనంత జాగ్రత్త గల మనిషిని నేను చూడలేదు. చెవి మీద బీడీకి బదులు గంధకం పూసిన వత్తి ఉండేది. డ్యూటీ ఎక్కగానే దాన్ని వెలిగించి ప్రతి అతుకు దగ్గరా తిప్పేవారు. అమ్మోనియా కారుతుంటే అక్కడ తెల్లటి పొగ లేస్తుంది. వాసనతో తెలియదా అని అడిగితే, "ముక్కు అలవాటు పడితే అబద్ధమాడుతది వదినె" అన్నారు. అమ్మోనియా కారితే ముఖానికి చుట్టుకోవడానికి తలుపు దగ్గర బకెట్‌లో ఎప్పుడూ ఒక తువ్వాలు నానుతూ ఉండేది. బేపర్వా మనిషి ఇవన్నీ చేస్తాడా?

ఇక నా సంగతి.

ఆ యంత్రంలో ఒక ఇనుప కడ్డీ సిలిండర్ లోపలికీ బయటికీ ఆడుతూ ఉంటుంది. కడ్డీ దూరే చోట అమ్మోనియా బయటికి రాకుండా చుట్టూ నూలు తాడు చుట్టి బిగిస్తారు. ఆ తాడు బొంబాయి నుంచి వచ్చేది. యుద్ధం రోజుల్లో రావడం ఆగిపోయింది. మిస్త్రీ నా దగ్గరికి వచ్చి, నూలుతో జడలాగా గట్టిగా అల్లిన తాడు కావాలని అడిగారు. "గంజి పెట్టని నూలే కావాలె వదినె. గంజి ఉంటే తాడు నూనె పీల్చదు. ఎండి చిట్లుతది" అని రెండుసార్లు చెప్పారు.

రెండుసార్లూ విన్నాను. మొదట అల్లిచ్చిన తాళ్లన్నీ సరైన నూలుతోనే అల్లాను. తరువాత నూలు దొరకడమే కష్టమైంది. ఇంట్లో ఉన్న కొద్దిపాటి గంజి పెట్టని పచ్చి నూలును తాడుకు వాడటానికి నాకు మనసు రాలేదు. బట్ట కోశాక మగ్గం మీద మిగిలే పడుగు కొసలను మూట కట్టి దాచే అలవాటు నాది. అవి గంజి పట్టిన పోగులు. వేడినీళ్లలో ఒకసారి జాడించి ఆరేశాను.

మా కోడలు పట్టుకుని చూసి, "అత్తమ్మా, ఇంక గరుకుగనే ఉన్నది. ఇంకోపారి ఉడకబెడదామా?" అంది.

"పడుగు పట్టుకునుడు నాకు నేర్పుతవా?" అన్నాను.

ఆమె చెప్పింది సరైనదని నా వేళ్లకు తెలుసు. కోడలి ముందు తగ్గడం ఇష్టం లేక ఆ తాడు అలాగే అల్లాను. కార్ఖానాలో తోటివాళ్లు ఒకసారి పరీక్షించమంటే మిస్త్రీ, "వదినె ఇచ్చిందంటే మళ్ల చూసుడెందుకు" అన్నారట. ఆయన చూడకుండా వాడింది ఆ ఒక్క తాడే.

అది నాలుగో రోజు మధ్యాహ్నం చిట్లి, అమ్మోనియా బయటికి కొట్టింది. లోపల ఉన్నవాళ్లంతా బయటికి పరుగెత్తారు. మిస్త్రీ తడి తువ్వాలు ముఖానికి చుట్టుకుని లోపలికే వెళ్లి వాల్వు మూశారు. ఎవరి ప్రాణమూ పోలేదు. ఆయన ఎడమ కన్ను పోయింది. దగ్గు పట్టుకుంది. యంత్రం మళ్లీ నడిచే లోపల చల్లగదిలో వెన్న కరిగి కారింది, దవాఖానా పాలు విరిగాయి.

మేనేజరు అడిగితే, "బిగించుట్ల నాదే తప్పు, సాబ్" అని ఒప్పుకున్నారు. యంత్రం దగ్గరి పని తీసేసి, డబ్బాల నుంచి మంచుగడ్డలు ఊడదీసే పనిలో వేశారు. వాడ మాత్రం మిస్త్రీ అని పిలవడం మానలేదు. కానీ ఆ పిలుపులో వెటకారం కలిసింది. "ఏం మిస్త్రీ, ఇయ్యాల ఏం ఆపినవ్?" అని నవ్వేవారు.

నిజం చెప్పడానికి నేను ఒక నెల ఆలోచించాను. వాడలో ఆడపిల్లలకు చదువు చెప్పేదాన్ని. పోగులు లెక్కపెట్టడంలో తేడా వస్తే నన్ను పిలిచి సరిచేయించుకునేవారు. తప్పు చేసినవాళ్లను నలుగురిలో నిలబెట్టి అడిగేదాన్ని. అలాంటి నేను వెళ్లి నలుగురిలో నిలబడలేకపోయాను.

కంటికి కట్టు విప్పిన వారానికి ఆయనే మా ఇంటికి వచ్చారు. యంత్రం దగ్గరికి వచ్చిన కొత్తవాడి కోసం నూలు అడిగారు.

"తాడు నువ్వు అల్లు వదినె, నీ చెయ్యి గట్టిది. నూలు మటుకు ఈసారి నేనే ఉడకబెట్టుకుంట."

నా ముఖం చూడలేదు. గోడ వైపు చూస్తూ అన్నారు. ఊడదీసిన తాడును వేళ్ల మధ్య నలిపితే నేసిన మనిషికి గంజి తెలియకుండా ఉంటుందా? ఆయనకు తెలుసు. నాకు తెలుసునని కూడా తెలుసు. నేను లోపలికి వెళ్లి మంచి నూలు తెచ్చి ఇచ్చాను.

ఆ తరువాత ఏళ్ల తరబడి గోడ అవతలి నుంచి ఆయన భార్య గొంతు వినేదాన్ని. "మంచిగ చూసుకోని బిగిస్తే ఈ బతుకు వచ్చేదా? నీ బేపర్వాకు నా సంసారం మునిగింది" అనేది. ఆయన దగ్గు మాత్రమే వినిపించేది. పోయిన నెల మంచం పట్టినప్పుడు పక్కన కూర్చుని, "నీ భార్యకు ఒక మాట చెప్పాలె" అని మొదలుపెట్టాను. "ఆమెకు నన్ను తిట్టుడు అలవాటైంది వదినె. ఇప్పుడు నిన్ను తిట్టుడు ఏడ నేర్చుకుంటది" అని నవ్వబోయారు. దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఆ రోజుదేనా అని డాక్టరును అడిగాను. చెప్పలేమన్నాడు.

ఆయన కొడుకు బొంబాయి నుంచి రావలసి ఉండటంతో, ఆ గురువారం శవాన్ని మర్నాటి దాకా ఉంచారు. మధ్యాహ్నానికి కార్ఖానా నుంచి నలుగురు మనుషులు గోనె చుట్టిన మంచుగడ్డలు మోసుకొచ్చారు. ఎవరూ అడగలేదు, వాళ్లే తెచ్చారు. గోనె విప్పి చాప కింద, చుట్టూ పేర్చి వెళ్లారు. ఆడవాళ్లమే మిగిలాం. ఆయన భార్య తల దగ్గర ఒక గడ్డ మీద చెయ్యి ఆనించి కూర్చుంది. అప్పుడు చెప్పాను. నూలు, గంజి, కోడలు అన్న మాట, నేనన్న మాట, అన్నీ జరిగిన వరుసలో చెప్పాను. ఆయనకు తెలుసునని కూడా చెప్పాను.

ఆమె నా వైపు తిరిగింది.

"నేను తిట్టేది నీకు వినబడేదా అక్కా?"

"వినబడేది."

"అన్ని దినాలు?"

"అన్ని దినాలు."

నన్ను లేచిపొమ్మనలేదు. కూర్చోమనీ అనలేదు. కట్టు లేని ఆ గుడ్డి కన్ను వైపు వంగి, ఆయన చెవిలో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. మాకెవరికీ వినబడలేదు. చెప్పడం అయ్యేసరికి పక్కింటి మగ్గాల చప్పుడు ఆగింది. ఆమె చెయ్యి తీసింది. ఆ చెయ్యి ఆనిన చోట మంచుగడ్డలో అయిదు వేళ్ల గుంట పడి ఉంది. దాని నిండా నీళ్లు నిలిచాయి.