బండి కింద ఖాళీ జాగా

అరవై నాలుగో సంవత్సరమో, అరవై ఐదో. నేను బోధన్ పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా ఉన్న రోజులు. చెరకు సీజను మొదలైతే మా ఊళ్లో ఎటు చూసినా ఎడ్లబళ్లే. చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలైన బళ్ల వరస మా ఆసుపత్రి ముందు దాకా వచ్చేది. డాక్టరుగారు క్యాంపులకు పోతే ఎద్దుల మెడపుండ్లు, పగిలిన గిట్టలు అన్నీ నా నెత్తినే. కుక్కల కేసులు మాత్రం అరుదు. కుక్కకు మందేమిటని జనం నవ్వే కాలం అది.

రెంజల్ దిక్కు నుంచి చెరకు తోలే సాయన్నను చూసి కూడా నవ్వేవారు. అతని కుక్క మోతి ఇంటి దగ్గర బయల్దేరి ఫ్యాక్టరీ గేటు దాకా బండి కిందే, రెండు చక్రాల నడుమ నీడలో నడిచి వచ్చేది. బండి కింద కుక్క బండిని తానే మోస్తున్నాననుకుంటుందని సామెత కదా. ఆ మాటే అంటే సాయన్న ఒప్పుకునేవాడు కాదు. "అనుకునుడేంది సార్, నిజంగనే మోస్తది. అది లేకుంటే నా బండి కదలది" అనేవాడు.

ఆ మోతిని ఒక మధ్యాహ్నం గొంగడిలో చుట్టి మోసుకొచ్చాడు. చెరకు కొట్టేచోట పాము కరిచింది. మా దగ్గర పాము విషానికి మందు లేదు. కాటు కడిగాను, సూది వేశాను, చేతనైనదంతా చేశాను. బల్ల మీదే ప్రాణం పోయింది. సాయన్న దాని చెవులు సర్ది, "మంచిగ పండుకో బిడ్డా" అని, మళ్లీ గొంగడిలో చుట్టుకొని వెళ్లిపోయాడు. ఆ తర్వాత గేటు దగ్గర ఎప్పుడు కనిపించినా, బండి కదిలించే ముందు అలవాటుగా కిందికి వంగి చూసేవాడు. లేచి, ఎవరి వంకా చూడకుండా ఎద్దులను అదిలించేవాడు.

నెల తిరక్కుండానే బళ్లవాళ్లు ఇంకో కుక్కను సంచిలో వేసుకొచ్చారు. దిక్కూమొక్కూ లేని ఊరకుక్క. ఆగి ఉన్న బండి కింద నీడకు పడుకుంటే, బండి కదిలి చక్రం ముందు కాలి మీదుగా పోయింది. స్ప్లింట్ వేశాను. విరిగిన ఎముక కదలకుండా రెండు వైపులా బద్దలు పెట్టి కట్టే కట్టును మేము స్ప్లింట్ అంటాం. కాలు సంగతి సరే, ఆ కుక్క బెదురుకు ఏ మందు వేయాలో నాకు తెలియలేదు. మందుల బీరువా కిందికి దూరి బయటికి రాదు. రోడ్డు మీద చక్రం చప్పుడైతే చాలు, ఉన్నచోటే ఉచ్చ పోసుకునేది. మనిషి చేతి ముద్ద ముట్టేది కాదు.

"ఇది ఆసుపత్రా, సత్రమా? కట్టు విప్పగానే బయటికి తోలెయ్" అన్నారు డాక్టరుగారు. ఆ రోజుల్లో మున్సిపాలిటీవాళ్లు వీధికుక్కలకు విషం కలిపిన తిండి వేసేవారు. ఆ కుంటికాలుతో అది బయట బతకదని మా ఇద్దరికీ తెలుసు.

సాయన్నను పిలిచి చూపించాను. "మనసొప్పుతలేదు సార్. మోతి పోయి ఎన్నొద్దులైంది గనుక?" అని వెళ్లిపోయాడు. కానీ మళ్లీ లోడు తెచ్చినప్పుడు, "కాలెట్లుంది దానికి?" అంటూ తొంగి చూశాడు. ఆ మరుసటిసారి జొన్నరొట్టె తెచ్చాడు.

ఇంకేం, నా తెలివి బయటికి తీశాను. బర్రె ఈనిన దూడ చస్తే మేము చెప్పే ఉపాయం ఒకటుంది. చచ్చిన దూడ తోలును తల్లిలేని ఇంకో దూడ మీద కప్పుతారు. ఆ వాసనకు బర్రె తన బిడ్డే అనుకొని పాలు చేపుతుంది. "మోతి పండుకున్న గోనె ఉంటే తెచ్చి దీని కింద పరుచు. మోతి అనే పిలువు. మెల్లగ ఇది కూడ బండి కింద నడుస్తది. నీకు మోతి ఉన్నట్టే ఉంటది" అన్నాను.

సాయన్న తల అడ్డంగా ఊపాడు. కోపమొచ్చిందేమో అనుకున్నాను.

"బర్రెను మోసం జేసుడు పాల కోసం సార్. నాకేం పాలు గావాలె? మోతి మోతినే. గిదేం పాపం జేసిందని దీని మీద ఇంకోదాని తోలు గప్పాలె?"

అతను బీరువాకు వీపు పెట్టి నేల మీద కూర్చున్నాడు. తాను రొట్టె తింటూ, వెనక్కి చూడకుండా ఒక్కో తునక భుజం మీదుగా వేశాడు. కాసేపటికి బీరువా కింద నమిలిన చప్పుడు వినిపించింది. బయట బర్రెను తెచ్చినాయన కేకలేస్తున్నా నేను కదల్లేదు. చివరి తునకను అరచేతిలో ఉంచుకొని చేయి వెనక్కి చాపాడు. ఆ కుక్క కుంటుతూ వచ్చి తీసుకుంది.

కట్టు విప్పిన రోజు తీసుకుపోవడానికి వచ్చాడు. బండిని చూడగానే అది నేలకు కరుచుకుపోయింది. సాయన్న దాన్ని మేకపిల్లలా భుజాల మీద వేసుకొని ఎద్దుల ముందు నడిచాడు. ఇంటిదారి తెలిసిన ఎద్దులు ఖాళీ బండితో వెనకే కదిలాయి. వరసలో ఉన్నవాళ్లు ఊరుకుంటారా?

"ఏందే సాయన్నా, కుక్క బండి కిందికెల్లి నెత్తిమీదికెక్కింది?"

"బండి కింద మోతి జాగ. దీని జాగ ఏడుందో ఇంకా ఎర్కలేదు. దొర్కెదాక నా భుజం మీదుంటది" అన్నాడు సాయన్న, నడక ఆపకుండానే.

మరుసటి సీజనులో వాళ్ల బండి మళ్లీ కనిపించింది. బండి మీద సాయన్న భార్య గంగవ్వ పగ్గాలు పట్టుకొని కూర్చుంది. బండి కింద ఏమీ లేదు. రోడ్డు అవతలి అంచున, చక్రాలకు దూరంగా ఆ కుక్క కుంటుకుంటూ నడుస్తోంది. పక్కనే సాయన్న.

"చంద్రి అని పేరు పెట్టిన సార్" అంది గంగవ్వ. "ఈయన ఊరికాడికెల్లి గిట్లనే నడుసుకుంట వస్తుండు. బండెక్కుమంటే ఎక్కడు."

"కాళ్లు నొయ్యవా సాయన్నా?" అని అడిగాను.

"నొస్తయి సార్. గని అది ఒక్కతే నడుస్తుంటే నేను బండి మీద ఎట్ల కూసుంట?"

నా సర్వీసులో ఎన్నో ఎముకలు అతికించాను, ఎందరో పశువుల యజమానులను చూశాను. సాయన్నంతటి మనిషిని మాత్రం చూడలేదు. ఈ రోజుకీ ఎవరైనా వచ్చి, మా కుక్క పోయింది, అచ్చం అలాంటిదే ఇంకోటి ఉంటే చెప్పండని అడుగుతారు. అలాంటిది దొరకదు, వేరే కుక్క ఒకటి ఉంది, వచ్చి చూడండని చెబుతాను.