ఒక్కరే రండి అన్న మేడం గారు

మేడం గారు పోయారని బందరు నుంచి ఆవిడ చెల్లెలు ఫోన్ చేసి చెప్పారు. గుడివాడలో మా స్కూలు ఆఫీసు గదిలో కూర్చుని ఉన్నాను. "అయ్యో" అన్నాను, అంతే. నోరు విప్పడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నదాన్ని, ఫోన్ పెట్టేశాను.

నాలుగేళ్ల క్రితం మా స్కూలువాళ్లు నన్ను హెడ్‌మిస్ట్రెస్‌గా ఉండమన్నారు. ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను, ఆ కుర్చీ మీద ఆశ లేదంటే అబద్ధమే. ఇంట్లోవాళ్లు "నీకెందుకమ్మా ఆ తలనొప్పి" అంటే తలూపేశాను. వేసవి సెలవులు అయ్యేలోగా జవాబు చెప్పాలి. నాకు అన్నం సయించడం మానేసింది. అది చూసి తోటి టీచరు, బందరులో ఒకావిడ ఉన్నారనీ, డాక్టరు కారనీ, ఒక్కొక్కరినే కూర్చోబెట్టి మాట్లాడిస్తారనీ, వాటిని పర్సనల్ గ్రోత్ సెషన్స్ అంటారనీ చెప్పింది.

చెబితే నవ్వుతారు. మా ఇళ్లల్లో ఆడవాళ్లం పంటినొప్పికి కూడా ఒంటరిగా వెళ్లం. మా ఆయన అన్నగారిని, అంటే మా బావగారిని, వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన కూర్చోగానే "మాకు పిచ్చేం లేదండీ" అని మొదలెట్టి, నా పెళ్లినాటి నుంచి నా నడుంనొప్పి దాకా ఏకరువు పెట్టారు. మేడం గారు ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు. గంట అయ్యాక లేచి, "బావగారి సంగతులు బాగా తెలిశాయండీ. వచ్చే వారం ఆవిడని ఒక్కరినే రానివ్వండి, ఆవిడ సంగతి వింటాను" అన్నారు. దారి పొడుగునా బావగారు "భలే మనిషమ్మా, నా మాట ఇంత శ్రద్ధగా ఎవరూ వినలేదు" అని మురిసిపోయారు.

ఆ తర్వాత ఒక్కదాన్నే బస్సెక్కాను. నేను "పర్లేదండీ" అన్నప్పుడల్లా ఆవిడ "పర్లేదంటే?" అని కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఆగేవారు. ఎంతసేపైనా ఆగేవారు. ఊరుకోలేక నిజం చెప్పేసేదాన్ని. సలహా అడిగితే మాత్రం ససేమిరా. "సలహాలిచ్చేవాళ్లు మీకు ఇంటినిండా ఉన్నారు కదండీ, మళ్లీ నేనెందుకు?" అనేవారు. ఆవిడ మీద కోపమూ వచ్చేది. ఒకసారి ఆలస్యంగా వెళ్లి, తప్పు బస్సు మీదికి నెట్టబోతే, "బస్సు సంగతి తర్వాత, మీ సంగతి చెప్పండి" అన్నారు. నాకు ఒళ్లు మండింది. మరుసటి వారం ముందు బస్సు పట్టుకున్నాను.

అయిదో వారం "నాకు ఆ కుర్చీ కావాలండీ" అని ఏడ్చేశాను. ఆవిడ మంచినీళ్లు ఇచ్చి, "ఇది మీ ఇంట్లో ఎవరికి తెలుసు?" అన్నారు.

ఎవరికీ తెలీదు. మా ఆయనకి కూడా. నేను చెప్పకుండానే, వాళ్లు నన్ను ఆపారని లోలోపల అలిగి కూర్చున్నాను!

మర్నాడు పొద్దున్నే కాఫీల దగ్గర చెప్పాను. "మరి నోరు తెరిచి అడగొచ్చుగా, మాకేమన్నా కలొచ్చిందా?" అని మా అత్తగారు నన్నే కేకలేశారు. బావగారు మాత్రం వారం రోజులు మొహం ముడుచుకున్నారు. అయినా స్కూలుకి ఫోన్ చేసి ఒప్పుకున్నాను.

బడి తెరిచే ముందు వెళ్తే, "ఇక మీరు రానక్కర్లేదండీ" అన్నారు మేడం గారు. మనసు చివుక్కుమంది.

"మరి ఎవరితో చెప్పుకోనండీ?"

"అదీ మీరే చూసుకోవాలి."

థాంక్స్ కూడా సరిగ్గా చెప్పలేదు. తర్వాత వెళ్లి చెబుదామనుకుంటూ నాలుగేళ్లు గడిపేశాను, నా బుద్ధి తగలెయ్య.

ఆ చివరి రోజు ఎన్నడూ లేనిది ఆవిడ బస్టాండు దాకా వచ్చారు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని, బడి తెరిచిన మొదటి రోజు పిల్లలతో ఏం మాట్లాడాలనుకుంటున్నానో చెప్పడం మొదలెట్టాను. బస్సు కదిలింది, నేను ఆపలేదు. ఆవిడ చెయ్యి ఊపలేదు. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, తల నా వైపు వంచి, బస్సు పక్కనే గబగబా నడుస్తూ వింటూనే ఉన్నారు.